కుప్ప మీద కూర్చున్న ఉప్పలమ్మ

ఉగాది వెళ్లిన పదకొండో నాటి పొద్దున, మోత్కూరు అవుసులవాళ్ల గల్లీ చివరనున్న చెత్తకుప్ప మీదికి ఉప్పలమ్మ ఎక్కి కూర్చుంది. అలిగి కాసేపు కూర్చుని దిగిపోయే కూర్చోవడం కాదది. గొంగడి పరిచింది, అంబలి ముంత పక్కన పెట్టుకుంది, వక్కాకు తిత్తి ఒళ్లో వేసుకుంది. ఆ కుప్పకు ఆ రోజు నిప్పు పెట్టాలి. పెట్టాల్సిన మనిషే దాని మీద కూర్చుంది. ఇది పంతొమ్మిది వందల యాభై ఎనిమిది నాటి మాట.

తక్కిన గల్లీల్లో చెత్తంటే పారబోసేది. బంగారం పని చేసే అవుసులవాళ్ల గల్లీలో పారబోయడమనేదే లేదు. ఇల్లూడ్చిన దుమ్ము, అరిగిన చీపురు, చేతులు తుడిచిన గుడ్డలు, కుంపటి బూడిద, కూర్చున్న చాప చినిగితే ఆ చాప, ఆఖరికి నీళ్లు పోసుకునే జాలాట్లో పేరుకున్న మట్టి కూడా పెరటి గుంతలో దాచేవారు. ఎందులో ఏ నలుసు బంగారం ఉందో ఎవరికి తెలుసు? ఏడాదికోసారి గుంతలన్నీ తోడి, ఒక్క కుప్ప పోసి కాల్చేవారు. ఆ బూడిదను తొట్లలో కడిగి, పాదరసం పోసి పిసికి, దానికంటుకున్న బంగారాన్ని బయటికి తీయడం ఉప్పలమ్మ ఇంటివాళ్ల పని. దొరికినదాంట్లో సగం గల్లీకి, సగం కడిగినవాళ్లకు. తాతల నాటి ఒప్పందం అది.

పిసికిన పాదరసాన్ని గుడ్డలో వేసి పిండితే చిన్న ముద్ద మిగిలేది. దాన్ని పెంకు మీద పెట్టి నిప్పుల మీద కాల్చితే పాదరసమంతా పొగై పోయి, అడుగున బంగారు గింజ తేలేది. ఆ గింజ తేలేదాకా పెంకు మీదికి వంగి చూస్తూ కూర్చోవడం ఆమె పెనిమిటి పెద్దులు పని. పక్కన కూర్చుని నిప్పులు విసరడం ఉప్పలమ్మ పని. ఇరవై ఏళ్లు అట్లాగే చేశారు.

పొద్దెక్కేసరికి రామచంద్రం వచ్చాడు. గల్లీకి పెద్ద ఆయనే. యాదగిరిగుట్ట నరసింహస్వామికి భక్తులు మొక్కుకునే వెండి కళ్లకు, వెండి గొడుగులకు బంగారు పూత పూయడంలో ఆయన చేతికి పేరు. బంగారాన్ని పాదరసంలో కరిగించి, వెన్నలా చేసి వెండికి రాసి, నిప్పుల కాక చూపితే పాదరసం ఎగిరిపోయి బంగారం మిగులుతుంది. రాసిన చేతులూ పనిముట్లూ తుడిచిన గుడ్డలన్నీ ఈ కుప్పలోకే వచ్చేవి. పూర్వం ఏడాదికి ఒక గంపెడు గుడ్డలు. గుట్టకు బస్సులు పడ్డాక భక్తులు పెరిగారు, మొక్కులు పెరిగాయి, గుడ్డలు పది గంపలయ్యాయి.

“ఏందే ఉప్పలమ్మా, దిగు. పొద్దెక్కుతాంది, అగ్గి పెట్టు,” అన్నాడు.

“పెట్ట.”

“పెట్టవా?”

“పెట్టనయ్యా. దిగ కూడ దిగ. నువ్వే పెట్టుకో, నన్ను గూడ కలిపి కాలుస్త అంటె.”

రామచంద్రం జీవితంలో ఎవరూ ఆయనతో ఇట్లా మాట్లాడలేదు. ఆయన పక్కనున్నవాళ్ల వైపు తిరిగి, “దీనికి మొగడు పోయిన కాణ్ణుంచి మతి తప్పింది,” అన్నాడు. మతి తప్పడం గురించి ఉప్పలమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెద్దులును చివరి మూడేళ్లూ సాకిందామె.

మొదట పెద్దులు చేతులు వణికాయి. తర్వాత చిగుళ్లు వాచి పళ్లు ఒక్కొక్కటే ఊగాయి. నోట్లో ఊట ఊరి భుజం మీద తువ్వాల ఎప్పుడూ తడిగా ఉండేది. ఊరంతటినీ నవ్వించిన మనిషి ఎవరన్నా పలకరిస్తే తలుపు చాటుకు పోయేవాడు, లేకపోతే ఉత్తపుణ్యానికి కయ్యానికి దిగేవాడు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు, కోడిని కోశారు. అన్నీ అయ్యాక ఉప్పలమ్మ ఆయన్ను బండెక్కించుకుని నల్లగొండ దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరు పెద్దులు చేతికి పెన్సిలిచ్చి కాగితం మీద ఒక గీత గీయమన్నాడు. గీత ఏటవాలుగా పాకి, రంపం పళ్లలా వచ్చింది. ఏం పని చేస్తావని అడిగి, విని, చిగుళ్లు చూసి, “ఇది గాలి కాదు, దయ్యం కాదు. నువ్వు పీల్చిన పాదరసం పొగ. ఆ పని మానెయ్,” అన్నాడు.

పెద్దులు మానలేదు. మానితే ఏం తినాలి? డాక్టరు మాట ఎవరికన్నా చెబితే నవ్వుతారని సిగ్గుపడ్డాడు కూడా. రెండు ఉగాదులు మళ్లీ అదే పెంకు మీదికి వంగాడు. పోయిన దసరా ముందు చచ్చిపోయాడు. ఆ రెండు ఉగాదులూ పక్కన కూర్చుని నిప్పులు విసిరింది తనేనని తలచుకున్నప్పుడల్లా ఉప్పలమ్మకు ఒళ్లు మండిపోయేది.

అయినా ఆమె కుప్పెక్కింది చచ్చినవాడి కోసం కాదు. బిడ్డ బీరమ్మ కోసం. పోయినేడు బూడిద సగం కడిగేసరికి పెద్దులు పడకేస్తే, అప్పటినుంచి ఆయన చోట్లో కూర్చుని ముద్ద కాల్చింది బీరమ్మే. ఇప్పుడామెకు అయిదో నెల. పండుగ నాడు తల్లికి అంబలి పోస్తుంటే ముంత అంచు గిన్నెకు తగిలి టకటకమని చప్పుడైంది. ఉప్పలమ్మ ముంతను చూడలేదు, ముంత పట్టిన చెయ్యిని చూసింది.

“చెయ్యెందుకట్ల అదురుతాంది బిడ్డా?”

“ఏమో అమ్మా. నీరసం అనుకుంట. కడుపుతోని ఉంటె గట్లనే ఉంటదేమో.”

ఉప్పలమ్మ తాగకుండానే గిన్నె కింద పెట్టింది. పదిరోజులు బిడ్డ చేతులనే కనిపెట్టి చూసింది. పదకొండో రోజు గొంగడి తీసుకుని కుప్పెక్కింది.

గల్లీ అంతా పోగైంది. వేరేవాళ్లైతే ఇంతమందిని చూసి తలొంచుకునేవారు. ఉప్పలమ్మ మాత్రం జనం చాలినంత మంది వచ్చారా అని చూసుకున్నట్టు చూసి, రామచంద్రం ఇల్లాలు భద్రమ్మను పలకరించింది. భద్రమ్మ చంకలో ఏడాది మనుమరాలు ఉంది. మెడలో పుస్తెలకు పసుపుగుడ్డ చుట్టి ఉంది.

“భద్రమ్మమ్మా, మెడల గా పసుపుగుడ్డ ఎందుకు?”

“ఎందుకేందే, కొత్తగ అడుగుతున్నవు? ఇయ్యాల కుప్ప కాలుస్తరు గద. పొగకు పుస్తెలు తెల్లవడ్తయి.”

నిజమే. ఆ గల్లీలో అది ఆచారం. కాల్చే రోజు ఆడవాళ్లు కమ్మలు, ఉంగరాలు తీసి పెట్టెలో పెట్టి మూత బిగించేవారు. పుస్తెలు తీయకూడదు కాబట్టి గుడ్డ చుట్టేవారు. పాదరసం సోకితే బంగారం తెల్లబడుతుందని అవుసులింట పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు.

“బంగారానికి గుడ్డ చుట్టినవు. మంచిగ చేసినవు,” అంది ఉప్పలమ్మ. “మరి చంకల పిల్లకు ఏం చుట్టినవు?”

 భద్రమ్మ పిల్లను ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది.

రామచంద్రానికి కోపం నషాళానికంటింది. “పాదరసమంటె ఏందనుకుంటున్నవు? సాక్షాత్తు శివుని తేజస్సు. లింగం చేసి పూజిస్తరు. దానికి దోషం అంటగడ్తవా?”

“శివుని గొంతుల విషం గూడ ఉన్నదంటరు గదయ్యా. ఆయన దేవుడు, అరిగిచ్చుకున్నడు. నా పెనిమిటి బూడిద కడిగెటోడు, అరిగిచ్చుకోలేకపాయె.”

“అయితె ఏం జెయ్యమంటవు? బంగారం బూడిదల వదిలెయ్యమంటవా?”

“వదులమంటలేను. పూత గుడ్డలు కుప్పల కలపద్దంటున్న. వాటిని కాల్చద్దు, నీళ్లల్ల నానబెట్టి ఉతుకుదం. పాదరసం అడుక్కు దిగుతది. ముద్దను బయట పెంకు మీద కాల్చ. నా తీరుగ కాలుస్త. గిట్లయితేనే దిగుత.”

“నీ తీరు నీ దగ్గర పెట్టుకో. బూడిద కడిగెటోళ్లు దేశంల నువ్వొక్కదానివే ఉన్నవా?” అని రామచంద్రం కండువా దులిపి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం బస్సుకు భువనగిరికి మనిషిని పంపాడు.

ఉప్పలమ్మ దిగలేదు. ఆ రోజూ, మరునాడూ అక్కడే. బీరమ్మ కిందినుంచి సద్ది అందించేది. అవసరానికి దిగితే బీరమ్మను కూర్చోబెట్టి పోయేది, అప్పుడు కూడా ఎవరన్నా దగ్గరికొస్తారేమోనని వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ.

మూడో రోజు భువనగిరి నుంచి భిక్షం అనే అతను తొట్లు, చాటలు నెత్తిన పెట్టుకుని, భార్యతో సహా దిగాడు. ఇద్దరూ బూడిద కడిగే పనివాళ్లే. ముప్పై అయిదేళ్లుంటాయి భిక్షానికి. రామచంద్రం ఎదురుపోయి తీసుకొచ్చాడు. చూడవమ్మా అన్నట్టు ఉప్పలమ్మ వైపు చూశాడు.

ఉప్పలమ్మ పోట్లాడుతుందనే అందరూ అనుకున్నారు. ఆమె గొంగడి మీద కాస్త పక్కకు జరిగి, “ఎండన పడి వచ్చిన్రు. కూసో తమ్మీ,” అంది. అతను కూర్చోలేదు. “నోరు తెర్వు జర,” అంది.

“నా నోరెందుకు నీకు?”

“చిగుళ్లు సూస్త. పొద్దున లేస్తె నోట్లె ఇనుము సప్పరించినట్టు ఉంటదా? రాత్రిపూట తలగడ తడుస్తదా? బువ్వ ముద్ద నోటికాడికి పోయేటప్పుడు చెయ్యి అదురుతదా?”

 జవాబు చెప్పింది అతని భార్య. “పోయినేడాది నుంచి అదురుతాందక్కా. నాకు చెప్పుకుంట ఏడుస్తడు. ఎవరితోని అననియ్యడు,” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భిక్షం ఆమెను కసురుకున్నాడు. కసురుతూనే కుప్ప అంచున కూలబడ్డాడు. పెద్దులు రోగం మొదటినుంచి చివరిదాకా ఉప్పలమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. విన్నాక భిక్షం లేచి తొట్లు నెత్తికెత్తుకున్నాడు. రామచంద్రం ఎంత పిలిచినా వెనక్కి తిరగలేదు.

ఆ సాయంత్రం భద్రమ్మ కుప్ప దగ్గరికి వచ్చింది. చంకలో పిల్ల లేదు, చేతిలో చాట ఉంది. “ఏ గుడ్డలు ఏరాల్నో చూపెట్టు,” అంది. మొగుడి మాట కాదని ఆ ఇల్లాలు గడప దాటడం అదే మొదలు. రామచంద్రం అరుగు మీదనుంచి పిలిచాడు. ఆమె వినబడనట్టే ఊరుకుంది. ఆమె వచ్చాక మిగిలిన ఆడవాళ్లూ వచ్చారు. బూడిద కడిగేదాని పక్కన ఎన్నడూ కూర్చోనివాళ్లు, ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని, ఆమె చుట్టూ కూర్చుని తొమ్మిది రోజులు ఆ కుప్పను ఏరారు. పూత గుడ్డలు నీళ్ల గోలెంలో పడ్డాయి. పసుపుగుడ్డలు పుస్తెలమీదే ఉన్నాయిగానీ, వాటి మాట ఎవరూ ఎత్తలేదు. గుడ్డలు పోగా మిగిలిన చెత్తను ఊరిబయట, గాలి ఊరివైపు వీచని పూట చూసి కాల్చారు. బీరమ్మను ఆ ఛాయలకు కూడా రానివ్వలేదు.

బూడిద కడిగి, పాదరసం పిసికి పిండాక, ఇక మిగిలింది ముద్ద కాల్చడం. ఉప్పలమ్మ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున కొల్లాపూర్ దిక్కు. అక్కడ ఇప్పచెట్లు ఎక్కువ. చిన్నప్పుడు తల్లి ఇప్పసారా దించుతుంటే ఆమె పొయ్యి ఎగేసేది. కుండ మూతికి మట్టి మెత్తి, గొట్టం పెట్టి, గొట్టాన్ని తడుపుతూ ఉంటే ఆవిరంతా చల్లబడి చుక్కచుక్కగా రెండో కుండలో పడేది. ఒక్క చుక్క పైకి పోతే తల్లి వీపు మీద ఒకటిచ్చేది. సారాను పోనివ్వని కుండ పాదరసాన్ని మాత్రం ఎందుకు పోనిస్తుంది? కమ్మరి దగ్గర మూతున్న ఇనుప బుడ్డి, ఇనుప గొట్టం చేయించింది. బుడ్డిలో ముద్ద పెట్టి, మూతకు బంకమట్టి మెత్తింది. గొట్టం పొడుగునా తడిగోనె చుట్టింది. కొసను తడిగుడ్డతో కప్పి, దాని కింద నీళ్ల కుండ పెట్టింది. ఊరి బయట చింతతోపు అవతల పొయ్యి రాజేసింది.

దూరంనుంచి చూసినవాళ్లకు అది సారా బట్టీ కాకపోతే మరేమిటి? ఎవరు మోశారో గానీ కబురు పోయింది. సగం పనిలో ఉండగా దొంగసారా పట్టే ఆబ్కారీ జవాను ఒకడు సైకిల్ మీద దిగాడు. బొద్దుగా, మీసాలు దువ్వి, వేలికి లావుపాటి బంగారు ఉంగరం పెట్టుకుని ఉన్నాడు. వెనకాల గల్లీ అంతా తమాషా చూడ్డానికి వచ్చింది. రామచంద్రం కూడా వచ్చాడు, ముందు వరసలోనే.

“పట్టపగలే దించుతున్నవా? ధైర్యం మంచిగనే ఉన్నది,” అన్నాడు జవాను. “ఏం సరుకిది?”

“నాటు సరుకు కాదు సారూ. వేలు పెట్టకు. పెడ్తె మాత్రం ఉంగరం తీసి పెట్టు.”

“ఉంగరం తీసి నీ చేతికియ్యాల్నా? మస్తు తెలివి,” అని అతను నీళ్ల కుండలో చెయ్యి పెట్టి అడుగు దేవాడు. అరచేతిలో తెల్లటి పూసలు దొర్లాయి. వాసన చూశాడు. సారా వాసన రాలేదు. చెయ్యి విదిలించి చూసుకుంటే పచ్చటి ఉంగరం సీసం రంగుకు తిరిగి ఉంది. పాపం, ఎవరు పెట్టిన ఉంగరమో, జవాను ముఖం ఏడుపుముఖమైంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

“కాక చూపితె మళ్ల పచ్చగయితది సారూ, ఫికర్ పడకు. గీ పని అవుసులయ్యదే,” అంది ఉప్పలమ్మ.

రామచంద్రం ముందుకొచ్చాడు. ఇట్లాంటివి ఆయనకు చిటికెలో పని. అక్కడే పొయ్యిలోంచి నిప్పులు లాగి, జవాను తీసి చాపిన ఉంగరాన్ని పొయ్యి దగ్గరి పటుకారుతో అందుకోబోయాడు. పటుకారు కొస ఉంగరానికి ఇటు తగిలింది, అటు తగిలింది, దొరకలేదు. రెండో చెయ్యితో మణికట్టు పట్టుకుని మళ్లీ చూశాడు. ఉంగరం జారి దుమ్ములో పడింది. నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. గుట్టకు పోయే ప్రతి వెండి కన్నుకూ పూత పూసిన చేతులు అందరి ముందూ టపటప కొట్టుకుంటున్నాయి. ఏడాదిగా ఆయన పని ఆయన పెద్దకొడుకు తలుపేసుకుని చేస్తున్నాడని భద్రమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

ఉప్పలమ్మ ఆ క్షణంలో ఎన్నైనా అనొచ్చు. మతి తప్పింది నాకా నీకా అని అడగొచ్చు. నిజానికి ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె కళ్ల ముందు పెద్దులు గీసిన గీత కదిలింది. లేచి, దుమ్ములోంచి ఉంగరాన్ని పుల్లతో తీసింది.

“బయట కాల్చకయ్యా. ఇంక బయట ఎవ్వలు కాల్చద్దు. నా బుడ్డిల వేస్త, కూసో,” అంది.

 రామచంద్రం పొయ్యికి గాలివాటం లేని పక్కన కూర్చుని, రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. ఆ మరుసటి వారం నుంచి గల్లీలో ప్రతి ఇంటి ముందూ రెండు కుండలు వెలిశాయి, ఒకటి మామూలు చెత్తకు, ఒకటి పూత గుడ్డలకు, నీళ్లతో. పూత కాక చూపడానికి కూడా కమ్మరి దగ్గర ఇట్లాంటి మూత బుడ్డే చేయించారు. కలిపి వేసిన ఇంటి చెత్తను ఉప్పలమ్మ ఆ ఇంటి గుమ్మం ముందే గుమ్మరించి పోయేది. తిట్టినవాళ్లను తిరిగి తిట్టేది. తిట్లలో ఆమెను గెలిచిన మనిషి ఆ చుట్టుపక్కల లేడు.

భాద్రపదంలో బీరమ్మకు ఆడపిల్ల పుట్టింది. పసిపిల్ల పిడికిళ్లు విప్పి, మూసి, మళ్లీ విప్పి ఉప్పలమ్మ నెలరోజులు చూసింది. జొన్నలు ఇంటికొచ్చేనాటికి బీరమ్మ చెయ్యి అదరడం మానింది. రామచంద్రం చేతులు మాత్రం కొద్దిగా తగ్గాయి గానీ పటుకారు పట్టేంత మళ్లీ కుదరలేదు. ఆయన చచ్చిపోయేదాకా ఉప్పలమ్మను ఒక్క మంచిమాట అనలేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు.

అరవై ఆరులో ఒక పొద్దున ఉప్పలమ్మ మంచంలో ఉంది. బయట గల్లీలో పొగ వాసనొచ్చింది. గుడ్డలు కాలిన వాసన. ఆమె గోడ పట్టుకుని లేచింది. బీరమ్మ “నేను పోత, నువ్వు పండుకో,” అంటున్నా వినలేదు. గల్లీకి కొత్తగా వచ్చిన ఎల్లేశం పెరట్లో, పూత గుడ్డలు ఒక గంపెడు మండుతున్నాయి. ఆమె నీళ్ల కుండ ఎత్తబోయింది. చేతుల్లోంచి జారి సగం నేలపాలైంది. మిగిలిన సగం మంట మీద పోసింది.

“ఏందవ్వా, ఒక్క గంపెడు గుడ్డలకు గింత లొల్లా?” అన్నాడు ఎల్లేశం.

ఉప్పలమ్మ చేతులు రెండూ చాపి అతని ముఖం ముందు పెట్టింది. అవి ఆగకుండా కొట్టుకుంటున్నాయి. కొంగు చాటున దాచిన చేతులవి. బీరమ్మకు కూడా ఇన్నాళ్లూ చూపించలేదు.

“సూడు,” అంది. “ఇవి ఇరవై ఏండ్ల పొగ పీల్చిన చేతులు. నాకు గూడ ఒకనాడు ఒక్క గంపతోనే మొదలైంది. ఆర్పు.”

ఎల్లేశం బావి దగ్గరికి పరుగెత్తి బిందె నింపుకొచ్చాడు. ఉప్పలమ్మ అక్కడే కూర్చుని చివరి గుడ్డ ఆరేదాకా చూసింది.